ముహూర్తం దాటాక లేచిన విమానం

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు కెప్టెన్ విఠలమూర్తిగారికి లేదు. విమానం నడపడం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లందరూ ఈ మాట ఒప్పుకుంటారు.

ఒక చలికాలపు ఉదయం మందాకిని అనే శిష్యురాలు, ఇంజను అంటుకున్న మరుక్షణమే వేగం పెంచబోయింది. ఆయన ఆమె చేతిని మెల్లగా పక్కకు తప్పించి, నూనె వేడి చూపే ముల్లు కదిలేదాకా కూర్చోబెట్టారు. పాఠం ముగిశాక షెడ్డు ముందు టీ తాగుతూ ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఇంజను నడుస్తోంది, శబ్దం బాగుంది. ఇంకా దేనికోసం కాచుకోవాలి సార్?"

ఆయన టీ ఊదుకుంటూ ఒక పెళ్లి సంగతి ఎత్తుకున్నారు.

ఆయన కొత్తగా పైలటయిన రోజుల్లో అనంతపురం వైపు ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో పనిచేసేవారట. ఆ ఊళ్లో ఓబులపతి అని ఒక గానుగ వ్యాపారి. తన అన్న కూతురి పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఆకాశం నుంచి పూలు కురిపిస్తానని ఊరంతా చాటుకున్నాడు. మాఘమాసం, పొద్దు పొడిచిన కాసేపటికే లగ్నం. పట్టుపంచె కట్టుకుని, గంపల నిండా బంతిపూల రేకులతో, వాటితోపాటు ఒక నూనె డబ్బాతో మైదానానికి వచ్చాడు.

"మా గానుగలో ఆడించింది సామీ. శుభకార్యం కదా, ఇంజనుకు ఇదే పోయించండి. ఇంత చిక్కంది మీ కంపెనీవాళ్లు ఎక్కడ తెచ్చేది?"

విఠలమూర్తిగారు ఆ డబ్బాకు నమస్కారం పెట్టి పక్కన పెట్టించారు. ఆయనకు ఉన్న చిక్కు అప్పటికే చాలు. ఎండాకాలపు నూనె తీసేసి చలికి తగిన పల్చటిది పోయవలసి ఉండగా, క్లబ్బుకు ఆ పల్చటిది ఇంకా రాలేదు. ఇంజనులో ఉన్నది రాత్రి చలికి గడ్డపెరుగులా కూర్చుంది. ఇద్దరూ ఎక్కారు. ఇంజను అంటుకుంది గాని ముల్లు మాత్రం కదల్లేదు.

"పంకా తిరుగుతాండాది కదా సామీ! లేపండి!"

"నూనె ఇంకా అన్నిచోట్లకూ పాకలేదు. కాస్త కాగనివ్వండి."

"ఇదేమన్నా పోపా సామీ, కాగేదానికి!"

అంతలో, మైదానం అవతలే జరుగుతున్న పెళ్లిలో పెళ్లికూతుర్ని తీసుకురమ్మని పురోహితుడు మైకులో పిలవడం ఇంజను హోరులోనూ వినిపించింది. ఓబులపతికి ఇక ఓపిక పట్టలేదు. ఏ పిడి తోస్తే వేగం వస్తుందో అప్పటికే కనిపెట్టి ఉన్నాడు. చెయ్యి చాచి దాన్ని చివరిదాకా తోసేశాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మేళం ఉధృతంగా, ఎంతో స్పష్టంగా వినిపించింది.

"అయిపాయె," అన్నాడు ఓబులపతి, గంపను ఒళ్లోకి లాక్కుని. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నాయన ఉత్త మాటలోడు అనుకుంటాది బిడ్డ."

విఠలమూర్తిగారు మళ్లీ ఇంజను అంటించారు. ఈసారి ఓబులపతి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. "బాగా కాగనీ సామీ. తొందరేముంది ఇంక," అన్నాడు.

చాలాసేపటికి ముల్లు కదిలింది. విమానం లేచింది.

ఓబులపతి పైనుంచి కిందికి తొంగిచూశాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా షామియానా! చెప్పిన వేళకే వచ్చి ఉంటే రేకులన్నీ ఆ గుడ్డ మీదే రాలి, అక్కడే వాడిపోయి ఉండేవి. ఆ సంగతి అంతవరకూ అతనికి తట్టనే లేదు.

సరిగ్గా అప్పుడే పురోహితుడు అరుంధతీ నక్షత్రం చూపించడానికి దంపతులను బయటికి తీసుకొచ్చాడు. వెనకాలే పెళ్లివాళ్లందరూ వచ్చి, కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని, పట్టపగటి ఆకాశంలో లేని చుక్క కోసం వెతుకుతున్నారు. ఓబులపతి గంపలు బోర్లించాడు. ఎత్తిన మొహాల మీద పూలు కురిశాయి. "కనబడిందా నాయనా?" అని పురోహితుడు అడిగితే, నోట్లో బంతిరేకు పడ్డ పెళ్లికొడుకు తల మాత్రం ఊపాడు. పెళ్లికూతురు చీర చెంగు పట్టుకుని విమానం వెంట నాలుగడుగులు పరిగెత్తింది.

ఆ తరువాత ఎవరు మెచ్చుకున్నా ఓబులపతి మీసం దువ్వి, "షామియానా కిందున్నోళ్లకు పైనుంచి పూలేసే పిచ్చోడెవడన్నా ఉంటాడా?" అనేవాడట.

మందాకిని నవ్వు ఆపుకుని, "అంటే, కాచుకుంటే అంతా మంచే జరుగుతుందంటారా సార్?" అంది.

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"షామియానా సంగతి నాకేం తెలుసమ్మా? ఆ రోజు నాకు తెలిసింది నూనె సంగతి ఒక్కటే."