పారమ్మ చుక్కలకోడి

మా గురువు సన్యాసాచారి గారితో ఒక్కటే చిక్కు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పరు. చెక్కకి చిత్రిక పడుతూనే వింటారు, ఊఁ కొడతారు, ఆ తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని ఎక్కడికో బయల్దేరతారు. అడిగినవాడు వెంట నడవాలి. పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, మొదట్లో ఈ పద్ధతికి నాకు ఒళ్ళు మండేది.

ఆవేళ పొద్దున తవిటినాయుడు వచ్చాడు. గురువుగారి శిష్యులందరిలోకీ పాతకాపు. రెండేళ్ళ కిందట వాళ్ళ పెద్దబ్బాయి ధర్మయ్య ఏటి వరదలో కొట్టుకుపోయాడు. అప్పణ్ణించీ మనిషి సగమైపోయాడు. ధర్మయ్య అరక పట్టినా, తత్వం పాడినా ఊరంతా చెప్పుకునేది. చిన్నవాడు గణపతి అలాంటివాడు కాడు. చాలు తీస్తే వంకర, నోరు విప్పితే నత్తి.

"గురువుగారూ, ఆ గుంటణ్ణి ఈ సాయంత్రం మేస్త్రీ యెంట చెన్నపట్నం కట్టుబడి పనికి తోలేస్తన్నాను. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దని సెప్పేసినాను. రెండేళ్ళు సూసినాను. పెద్దోడి పోలిక ఒక్కటంటే ఒక్కటి రానేదు. నాను సేసేది తప్పంటారా?" అన్నాడు తవిటినాయుడు. అంటూనే ఏడ్చేశాడు.

గురువుగారు చిత్రిక పక్కన పెట్టారు. "పారమ్మని పలకరించి రావాలి, పదండి. పాపం, కోడి పోయిందట."

కోడి పోతే పలకరింపా! నాకు నవ్వొచ్చింది. తవిటినాయుడి మొహం చూసి మింగేశాను.

పారమ్మ మొగుడు పోలయ్యకి కోళ్ళంటే పిచ్చి. పందేలకీ కాదు, కూరకీ కాదు, ఉత్త రంగు కోసం. ఎర్రటి ఈక, అంచున నల్లగీత, కొసన తెల్లచుక్క. ఒళ్ళంతా అలాంటి ఈకలున్న పెట్టని పుట్టించాలని ఊరూరా తిరిగి పుంజుల్ని తెచ్చి, పదకొండేళ్ళు జత కలిపాడు. చివరికి ఒక్కటంటే ఒక్క పెట్ట వచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని సంతంతా తిరిగాడు మహానుభావుడు. ఆ ఏడే తెగులొచ్చి పెట్ట పోయింది. నెల తిరక్కుండా కామెర్లతో పోలయ్యా పోయాడు.

ఆ పెట్టకి పుట్టిన నల్లపుంజు ఒక్కటే మిగిలింది. దాంతోనే పారమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. గుడ్లు పొదిగించడం, పిల్లలకి ఈకలు రాగానే ఒక్కోదాన్నీ ఎండలోకి పట్టి చూడడం, చుక్క లేనిదాన్ని ఎవరికో ఇచ్చేయడం. నాలుగేళ్ళు ఇదే పని. కిందటి చలికాలంలో ఆ పుంజూ చచ్చింది. దాని ఆఖరి పిల్లలు ఆరు, ఆరూ ఉత్త ఎరుపే. విసుగెత్తి అన్నిటినీ పంచిపెట్టేసింది.

మేం వెళ్ళేసరికి పెరట్లో బోర్లించిన గంప పక్కన కూర్చునుంది. లేవలేదు. మమ్మల్ని కూర్చోమనీ అనలేదు.

"నిన్న పక్కింటి సీతాలొదిన ఇంటికి అల్లుడొచ్చినాడు బాబూ. కోడిని కోసినారు. నాకూ గిన్నెడు కూరంపింది. తిన్నాను." గుప్పిట విప్పింది. "తెల్లారి పెంట మీద ఈకలు సూసినాను."

ఎర్రటి ఈకలు. అంచున నల్లగీత. కొసన తెల్లచుక్క.

"నానిచ్చిన పిల్లే బాబూ. నా సేతుల్తో ఇచ్చినాను."

తవిటినాయుడు ఒక ఈక అందుకున్నాడు. "నువ్విచ్చినప్పుడు ఈ సుక్క నేదా?"

"నేదు నాయుడూ. సత్తెప్రమాణంగా నేదు. పిల్లీకలు రాలి పెద్దీకలొచ్చినాక తేలింది. సీతాలొదినకేటి తెలుసు? ఏవో మచ్చలొచ్చినాయనుకుందట. ఆయమ్మనేటనగలను?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా ఆయన ఏ పిల్లనీ ఏడాది తిరక్కుండా గుమ్మం దాటనిచ్చేవోడు కాదు. ఎంతమంది అడిగినా ఇచ్చేవోడు కాదు. పిసినారోడని ఆడిపోసుకున్నాను. ఎందుకయ్యా అని ఒక్కనాడైనా అడగనేదు, బాబూ!"

"మిగతా అయిదూ?" అన్నాను, ఏదో ఆశ కొద్దీ.

"అయ్యీ, అంతకుముందిచ్చినయ్యీ ఎప్పుడో కూరైపోనాయి మేష్టారూ."

ఇందాక నవ్వొచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. పోలయ్య పదకొండేళ్ళు, ఈవిడ నాలుగేళ్ళు, అంతా ఆ గుప్పెడు ఈకల్లోకి వచ్చి ఆగింది. ఇంక ఆ జాతి ఈ భూమ్మీద లేదు. ఏం చెప్పి ఓదారుస్తాం?

గురువుగారు ఓదార్చనూ లేదు. ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. చివరికి, "ఇచ్చినప్పుడు ఆ పిల్లకి ఎన్నాళ్ళమ్మా?" అని అడిగారు.

"మూణ్ణెల్లు బాబూ," అని పారమ్మ ఘొల్లుమంది.

లేచి వచ్చేశాం. తవిటినాయుడు ఆ ఈకని ఇంకా పట్టుకునే ఉన్నాడు. తిరిగి ఇచ్చేయాలన్న ధ్యాస లేదతనికి. వీధి మలుపులో గురువుగారు ఆగి అతని వైపు తిరిగారు.

"మీ గణపతికి ఎన్నేళ్ళు, నాయుడూ?" అన్నారు.