తొట్లవలస గోల్లో గోడ

నేను చెప్పబోయేదాంట్లో నువ్వుగింజంత అబద్ధం ఉంటే నా ఎడం కన్ను పోవాల. కుడి కంటి మీద ఒట్టు పెట్టను. దానికి శుక్లం. ఎలాగూ పోయే కంటి మీద ఒట్టేసిందని రేపు మీరే ఆడిపోసుకుంటారు. ఎడం కన్ను మాత్రం గద్ద కన్ను. దాంతోనే ఇదంతా చూశాను. నేను చూడనిది మా ఆడపడుచు చూసింది. ఆవిడ చూడనిది అసలు జరగలేదు.

మా తొట్లవలసలో తెలివైనవాళ్ళు ముగ్గురే. ఆ సంగతి ఆ ముగ్గురే చెప్పారు కాబట్టి అనుమానం లేదు. ఒకడు టీ బడ్డీ దాలినాయుడు. రెండోవాడు తాపీమేస్త్రి నూకరాజు. మూడోవాడు పదకొండు గేదెల ఆసామి అప్పలకొండ. పొద్దున్న బడ్డీ బల్ల మీద కూర్చుంటే మళ్ళీ పొద్దుగుంకేదాకా లేవరు. బల్ల కాళ్ళు భూమిలోకి మూరెడు దిగిపోయాయి. ఏటి మాటలు? ఫుట్‌బాల్! ముగ్గురిలో ఒక్కడూ పుట్టి బుద్ధెరిగాక బంతిని తన్నిన పాపాన పోలేదు. ఎవరైనా ఆ మాటంటే అప్పలకొండ ఇంతెత్తున లేచేవాడు.

"గేదె మంచి చెడ్డ చెప్పడానికి గేదెగా పుట్టాలేటి?"

అంతే. అడిగినవాడు తల దించుకుని పోయేవాడు.

ఒకసారి మా ఊరి జట్టులో గొప్ప ఆటగాడెవడని తగువు వచ్చింది. మూడు రోజులు నడిచింది. బడ్డీలో పాలు రెండుసార్లు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"ఎర్రయ్యే గొప్పోడు. ఆటంతా పరిగెత్తాడు," అన్నాడు నూకరాజు.

"పరిగెత్తాడు గానీ బంతికి ఆమడ దూరంలో పరిగెత్తాడు," అన్నాడు అప్పలకొండ.

దాలినాయుడు టీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "అరే, బుర్ర పెట్టి ఆలోచించండి. ఆటలో ఒక్క నిమిషం కూడా బంతిని వదలనిదెవరు? ఎంతమంది తన్నినా నోరెత్తనిదెవరు? రెండు వైపులా తిరిగినా ఎవరి పక్షం వహించనిదెవరు?"

"ఎవరు బావా?"

"బంతి!"

ఇంకేముంది! మూడు మూరల బంతిపూల దండ కట్టించి, బంతికి వేసి, మేళతాళాలతో ఊరేగించారు. ఆ సాయంత్రం మా కుర్రాళ్ళు ఆడుకుందామని బంతి అడిగితే, "సన్మానం అయినవాళ్ళని తంతారేట్రా, సిగ్గులేదా!" అని తరిమేశారు. నెల రోజులు ఊళ్ళో ఆట లేదు.

ఇదంతా చూసి కుమిలిపోయినవాడు ఒక్కడే. పైడిరాజు మేస్టారు. జూట్ మిల్లులో పని చేసి దిగిపోయిన మనిషి. ముప్ఫయ్యేళ్ళుగా మా జట్టుకి ఆట నేర్పుతున్నాడు. ఆటస్థలం మిల్లువాళ్ళదే. చుట్టూ నిలువెత్తు ప్రహరీ, దానికి ఒకటే గేటు. ఒకప్పుడు అది ఉత్త రాళ్ళ దిబ్బ. మేస్టారు వంగి వంగి ఆ రాళ్ళన్నీ ఏరి పక్కన పోస్తే, అక్కడొక కొండ లేచింది. పచ్చికకి తన ఇంటి నూతి నీళ్ళు మోసి పోశాడు. ఆ పచ్చికలో ప్రతి పరకకీ ఆయన పేరు పెట్టాడంటే మీరు నమ్మరు. ఒక పరకకి నా పేరే పెట్టాడు. కొంచెం వంకరగా ఉండేది.

అలాంటి స్థలం మీద మిల్లు యజమాని జోగారావు గారి కన్ను పడింది. ఏ ఆటకీ వచ్చే మనిషి కాదు. వచ్చినా గొడుగు కింద కునికేవాడు. క్లబ్బు మాత్రం తనదే. ఒకరోజు గేటు ముందు కారాపి, అద్దం జానెడు దించి అన్నాడు:

"ఆదివారం కుమ్మరివలసతో ఆఖరి ఆట కదా. షీల్డు తెచ్చారా, క్లబ్బూ స్థలమూ ఊరికే రాసిచ్చేస్తాను. తేలేదా, సోమవారం నుంచి ఇక్కడ నా లారీలు నిలబడతాయి."

మేస్టారు గబగబా వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. ఆశ ఉంది. పాయింట్లలో మనమే ముందున్నాం. ఆదివారం ఓడకపోతే చాలు, ఆట సమానమైనా షీల్డు మనదే.

ఆ ముగ్గురికీ మాత్రం చెవుల్లో ఒకటే మాట మిగిలింది. క్లబ్బు ఊరిది. ఊరంటే ఎవరు? ఊళ్ళో బుర్రున్నవాళ్ళు. బుర్రున్నవాళ్ళెవరు? అంతే, ఆ క్షణం నుంచి ముగ్గురూ యజమానులైపోయారు.

"యజమానులన్నాక తప్పులు దిద్దాల," అన్నాడు దాలినాయుడు. "పోయినేడు ఎందుకు ఓడాం?"

"రెఫరీ వల్ల!" ముగ్గురూ ఒకేసారి అన్నారు. అప్పలకొండ గేదె కూడా ఆ మాటే అన్నదని మా ఆడపడుచు చెబుతుంది.

"రెఫరీ ఏమన్నాడు? మనవాడి చేతికి బంతి తగిలిందన్నాడు, పెనాల్టీ ఇచ్చాడు. చేతులుంటేనే కదా తగిలేది?" అన్నాడు దాలినాయుడు.

ఇంకేముంది! గురువారం మేస్టారు పట్నం వెళ్ళిన సమయం చూసి, జనపతాడు తెచ్చి మా ఆటగాళ్ళందరి చేతులూ వెనక్కి విరిచి కట్టేశారు. గోలీ సన్యాసి లబోదిబోమన్నాడు. "ఓలమ్మో, నేను గోలీని బాబూ! నేను చేత్తో పట్టుకోవచ్చు!"

"నోర్ముయ్! అందరికీ ఒక న్యాయం, నీకొక న్యాయమేటి? ఇదిగో, ఇలాంటి పక్షపాతం వల్లే దేశం ఇలా ఉంది," అని అతగాడికి రెండు ముడులు ఎక్కువ వేశారు.

ఆ సాయంత్రం పక్కవీధి వాళ్ళతో ఉత్తుత్తి ఆట ఆడితే నలభై మూడు గోళ్ళు పడ్డాయి. అందులో ముప్ఫై సన్యాసి ముక్కుకి తగిలి లోపలికెళ్ళాయి. పాపం, ముక్కు ఉడికించిన చిలగడదుంపలా ఉబ్బింది.

పట్నం నుంచి దిగిన మేస్టారు అది చూసి, చేతులు జోడించి ముగ్గురి ముందూ నిలబడ్డాడు. "నాయనల్లారా, ఆటగాళ్ళ జోలికి పోకండి. మీ కాళ్ళకి దండం పెడతాను. ఆదివారం మన గోల్లోకి బంతి పోకూడదు. అంతే. ఆ ఒక్కటీ జరిగితే స్థలం మనకి దక్కుతుంది."

"బంతి పోకూడదు, అంతేనా మేస్టారూ?" అన్నాడు నూకరాజు.

"అంతే నాయనా."

"ముందే చెప్పొచ్చు కదా! అది నా పని."

మేస్టారు ఆ మాట విని నిశ్చింతగా పడుకున్నాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

శనివారం నూకరాజు ఇటుకలు దింపాడు, సిమెంటు కలిపాడు, పరంజా కట్టాడు. చీకటి పడేలోగా తూర్పు వైపు గోల్ స్తంభాల మధ్య, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా, కింద నుంచి అడ్డకర్ర దాకా గోడ లేపేశాడు. చీమ దూరడానికి సందు లేదు. అప్పలకొండ నీళ్ళు కొట్టాడు. దాలినాయుడు సున్నం వేశాడు. పైన "స్వాగతం" అని రాశారు.

"నా జన్మలో ఇంత బలమైన గోడ కట్టలేదు బావా. ఏనుగు గుద్దినా ఏనుగే పడుతుంది," అన్నాడు నూకరాజు.

ఆదివారం పొద్దున్న మేస్టారు గోడ చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నోరు అలాగే ఉండిపోతే రెండు ఈగలు వెళ్ళి చూసి వచ్చాయి.

పట్నం నుంచి వచ్చిన రెఫరీ కూడా గోడ చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాడు. కుమ్మరివలస కెప్టెన్ మండిపడ్డాడు. "ఏటండీ ఈ అన్యాయం?"

దాలినాయుడు ముందుకొచ్చాడు. "అయ్యా రెఫరీ గారూ, మీ పుస్తకంలో స్తంభాలు ఎంత ఎత్తుండాలో ఉందా?"

"ఉంది."

"వాటి మధ్య ఎంత దూరం ఉండాలో ఉందా?"

"ఉంది."

"మధ్యలో గోడ ఉండకూడదని ఉందా?"

రెఫరీ పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశాడు. వేలికి ఉమ్మి అయిపోతే మా ఆడపడుచు నీళ్ళిచ్చింది. చివరికి పుస్తకం మూసి, "లేదు," అన్నాడు. "పుస్తకంలో లేని తప్పు తప్పు కాదు. ఆట మొదలు!"

ఊరికి ముగ్గురే తెలివైనవాళ్ళని చెప్పానా? ఆ రోజుకి నలుగురు.

కుమ్మరివలస కెప్టెన్ ఇంకా ఏదో అనబోయి, గోడ వంకా అవతలి గోలు వంకా చూసి, ముసిముసిగా నవ్వి నోరు మూసుకున్నాడు. ఆ నవ్వు చూసింది నేనొక్కదాన్నే. చెబుదామనుకున్నాను గానీ నోట్లో తాంబూలం ఉంది.

మావాళ్ళు తూర్పు వైపు నిలబడ్డారు. ఆట మొదలైంది. కుమ్మరివలస వాళ్ళు తన్నడం, బంతి గోడకి తగిలి వచ్చేయడం. తన్నడం, వచ్చేయడం. సన్యాసి గోడ నీడలో చతికిలబడి మరమరాలు తిన్నాడు. తిని పడుకున్నాడు. గీత పక్కన వేయించుకున్న బల్ల మీద ముగ్గురూ ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు.

"గోలీ అంటే నా గోడే గోలీ!" అన్నాడు నూకరాజు.

"జీతం అడగదు, దెబ్బ తగిలిందని దొర్లదు," అన్నాడు అప్పలకొండ.

ఈల పడింది. సగం ఆట అయింది. ఎవరికీ గోలు లేదు. ఇంతలో మా ఆటగాళ్ళు తలలు వేలాడేసుకుని పడమర వైపు నడిచారు. కుమ్మరివలస వాళ్ళు ఎగురుతూ తూర్పుకొచ్చారు.

"ఏట్రా ఇది! మనోళ్ళు ఎక్కడికెళ్తున్నారు? మన గోలు ఇక్కడుంటే!" అని అరిచాడు దాలినాయుడు.

మేస్టారికి అప్పుడు మాట వచ్చింది. "సగం ఆట కాగానే రెండు జట్లూ వైపులు మారతాయిరా! ముప్ఫయ్యేళ్ళుగా మారుతూనే ఉన్నాయిరా! మీరెప్పుడూ చూళ్ళేదేట్రా?"

ఎలా చూస్తారు? ముప్ఫయ్యేళ్ళుగా సగం ఆట అవగానే వీళ్ళు గ్రౌండుకి వీపు పెట్టి, అయిపోయిన సగం గురించి కొట్టుకునేవారు. తిరిగి చూసేసరికి ఆట అయిపోయేది.

ఇంకేముంది! పడమర గోలు బార్లా తెరిచి ఉంది. దాని ముందు ఉండాల్సిన సన్యాసి తూర్పు గోడ నీడలో గుర్రు పెడుతున్నాడు. అయిదు నిమిషాల్లో మూడు గోళ్ళు. మేం గోలు కొట్టాల్సిందేమో గోడలోకి! ఎర్రయ్య ప్రాణం పెట్టి తన్నాడు. బంతి గోడకి తగిలి, అంత వేగంతోనూ వెనక్కి వెళ్ళి, గ్రౌండంతా దాటి, మా గోల్లోనే పడింది. నాలుగు!

"గోడ పగలగొట్టు మావా!" అన్నాడు అప్పలకొండ.

నూకరాజు గునపంతో పొడిచాడు. గునపం వంగింది. కళ్ళల్లో నీళ్ళు, ఒక కంట్లో ఓటమికి, ఒక కంట్లో గర్వానికి. "చెప్పానా? ఏనుగే పడుతుంది!"

"అయితే నా గేదెలు లాగుతాయి," అని అప్పలకొండ పదకొండు గేదెల్నీ తోలుకొచ్చాడు. గోడకి తాడు ఎక్కడ కట్టాలి? పట్టు దొరకలేదు. స్తంభాలకి కట్టాడు. "హెయ్!" అన్నాడు. గేదెలు ఒక్క లాగు లాగాయి. స్తంభాలూ అడ్డకర్రా పెళ్ళుమని ఊడి, గేదెల వెంట ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. గోడ మాత్రం "స్వాగతం" అంటూ నిలబడే ఉంది.

రెఫరీ పుస్తకం తీశాడు. "స్తంభాలు లేనిది గోలు కాదు," అన్నాడు. అంతే. స్తంభాలున్నంతసేపూ కష్టమైన గోలు ఇప్పుడు చట్టం ప్రకారం అసాధ్యమైంది. తొమ్మిది గోళ్ళతో ఓడిపోయాం. షీల్డు కుమ్మరివలస ఎడ్లబండి ఎక్కింది.

జనం వెళ్ళిపోయారు. మేస్టారు ఒక్కడే పచ్చిక మీద కూర్చుని, గేదెలు తొక్కిన పరకల్ని వేలితో నిలబెడుతున్నాడు. నాకు కూడా మనసు చివుక్కుమంది. అబద్ధమెందుకు, ఏడ్చాను. బిందెడు ఏడ్చాను. ముగ్గురూ వెళ్ళి ఆయన ముందు తలలు వంచుకు నిలబడ్డారు.

"మేస్టారూ, మేమేం చెయ్యాలో చెప్పండి."

"ఇంకేం చేస్తార్రా? రేపు లారీ రాకుండా ఆపగలరా?" అన్నాడు మేస్టారు కళ్ళు తుడుచుకుంటూ, ఇంటిదారి పట్టి.

"రాకుండా ఆపాలి, అంతేనా మేస్టారూ?" అన్నాడు నూకరాజు. మేస్టారికి వినబడలేదు. వినబడి ఉంటే పరిగెత్తుకొచ్చేవాడు.

సోమవారం పొద్దున్న చూద్దుము కదా, గేటు లేదు. గేటు ఉండాల్సిన చోట, ప్రహరీతో సమానంగా, కొత్త గోడ! జోగారావు గారి లారీ వచ్చింది. డ్రైవరు మా ఊరి అల్లుడే, తెలివికి లోటు లేదు. గేటులోంచి లోపలికి పొమ్మన్నారు కాబట్టి గేటు వెతుక్కుంటూ ప్రహరీ చుట్టూ తిరుగుతున్నాడు. ఇప్పటికి తొమ్మిది రోజులు. టైర్లు రెండుసార్లు మార్చారు.

మేస్టారు గోడ తడిమి చూసి, పసిపిల్లాడిలా నవ్వాడు. స్థలం దక్కింది! "శెభాష్ రా నూకరాజూ! ఎక్కడున్నావురా?"

"ఇక్కడే మేస్టారూ!" లోపలి నుంచి వినబడింది. ముగ్గురి గొంతులూ.

"లోపలెందుకున్నార్రా?"

"గోడ నునుపు తేలాల్సింది మనం చూసే వైపు కదా మేస్టారూ! అందుకని లోపలుండి కట్టాం."

"సరే, నిచ్చెన వేయిస్తాను. దూకి వచ్చేయండి."

"అదెలా కుదురుతుంది? గీత దాటితే ఔటు కాదేటి!" అన్నాడు దాలినాయుడు.

అంతే. అప్పటి నుంచి లోపలే ఉన్నారు. క్లబ్బు ఇప్పుడు పూర్తిగా వాళ్ళది. ఆటగాళ్ళు లేరు, బంతి లేదు, ఆట లేదు. రోజంతా ముగ్గురూ గోడకి చేరబడి, ఎవడు బాగా ఆడాడు, రెఫరీ ఎక్కడ తప్పాడు అని తగువులాడుకుంటున్నారు. ఇంత సుఖంగా ఎన్నడూ లేమని అరిచి మరీ చెబుతున్నారు.

తిండి మాత్రం బయట నుంచి పెళ్ళాలు విసరాలి, వాళ్ళకి కుదరనినాడు మేం వంతులేసుకోవాలి. అదీ ఊరికే విసిరితే ఒప్పుకోరు. ఔటైనచోటు నుంచి లోపలికి ఏది విసిరినా త్రో లెక్కే కదా! రెండు చేతులూ తల వెనక నుంచి రావాల, రెండు పాదాలూ నేల మీదుండాల. లేకపోతే దాలినాయుడు ఈల వేసి తిండి వెనక్కి పంపుతాడు. ఆ ముగ్గురు పెళ్ళాలూ ఇప్పుడు గుమ్మడికాయని గుడి గోపురం దాటించగలరు. వాళ్ళతో ఆడవాళ్ళ జట్టు కడతానని మేస్టారు నిన్నటి నుంచి కొత్త ఈల కొనుక్కుని తిరుగుతున్నాడు.

నవ్వింది చాలు గానీ, అమ్మడూ, లే. ఆ గూట్లో గారెల మూట ఉంది, పట్టుకెళ్ళి వాళ్ళకి విసిరిరా. ఇవాళ నా వంతు, నాకు భుజం నొప్పి. రెండు చేతులూ తల వెనక నుంచి, గుర్తుంది కదా? నిన్న మీ చిన్నత్త మడమ లేపితే పులిహోరంతా ఆవిడ నెత్తి మీదే పడింది. ఇంకొకటి, దారిలో లారీ ఎదురైతే పక్కకి తప్పుకుని, గేటు ఆ మలుపు తిరగ్గానే ఉందని చెప్పు.