ఊలు బంతి, క్రిస్మస్ వాక్యం

ఏలీషాకి బుర్ర తిరిగిపోతోంది. తెల్లారితే క్రిస్మస్. జీవితంలో మొదటిసారి చర్చిలో నిలబడి వాక్యం చెప్పాలి, అంటే పండగ ప్రసంగం. చెప్పాల్సింది తక్కువై కాదండీ, ఎక్కువైపోయి వచ్చింది తిప్పలు!

నరసాపురం వైపు కాలువ గట్టు మీద చిన్న చర్చి అది. దైవాశీర్వాదంగారు అక్కడ పెద్ద అయ్యగారు. వయసు మీదపడి ఆయన గొంతు చర్చంతా వినపడట్లేదు. అందుకని తన దగ్గర బోధ నేర్చుకుంటున్న ఏలీషాని ఈసారి నిలబెట్టారు. సంఘ పెద్దలు మాత్రం మొహమాటం లేకుండా అనేశారు: "కుర్రాడు తడబడ్డాడంటే మేం భీమవరం నుంచి వేరే బోధకుణ్ని తెచ్చుకుంటామండి."

పాపం ఏలీషా ఆదాముతో మొదలుపెట్టాడు. నోవహు ఓడ చేర్చాడు. ప్రవక్తలు, హేరోదు, గొర్రెల కాపరులు, జ్ఞానులు, ఆ జ్ఞానుల ఒంటెలు ఏ దారిన వచ్చాయో కూడా. ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. అన్నీ బాగానే ఉన్నాయి మరి!

చర్చి ఊడ్చే మార్తమ్మని పొద్దున కూర్చోబెట్టి వినిపించాడు. ఆవిడ మంచిది, ఓపిగ్గా వింది. చివరికి ఆవలిస్తూ, "ఇంతకీ బాబు పుట్టాడా లేదా బాబూ?" అంది.

దాంతో మధ్యాహ్నానికి పరుగున అయ్యగారి ఇంటికి వచ్చాడు.

అయ్యగారు వరండాలో చాప మీద ఉన్నారు. చర్చికి తోరణాలు కొనే స్తోమత ఎక్కడిది? అందుకని ఇంటింటా అడిగి పాత స్వెట్టర్లు, చిరిగిన మంకీ టోపీలు తెచ్చి, ఊలు విప్పి, రంగురంగుల బంతులు చేస్తున్నారు. వాటిని దారానికి గుచ్చితే గుమ్మానికి తోరణం. ఖర్చు లేని పని, చూడ్డానికి ముచ్చట! మార్తమ్మ కూడా ఓ పక్కన కూర్చుని ఊలు విప్పుతోంది.

"అయ్యగారూ, నా వాక్యంలో ఏం తప్పుందో తెలియట్లేదండి. మీరే చెప్పాలి."

ఆయన ఓ పాత శుభలేఖ అట్టా, కత్తెరా చేతిలో పెట్టారు. "ముందో బంతి చెయ్యి."

ఏలీషాకి అర్థం కాలేదు. అయినా ఎదురు చెప్పే అలవాటు లేదు. అట్టకి ఎర్ర ఊలు చుట్టాడు. అందంగా ఉంటుందని తెల్లది చుట్టాడు. పచ్చదీ చుట్టాడు. ఇంకా బొద్దుగా రావాలని మళ్ళీ ఎర్రది. అయ్యగారు చూస్తున్నారు, వద్దనలేదు.

చుట్టడం అయ్యాక ఊలుని అట్ట మీంచి జాగ్రత్తగా జార్చి, ఏలీషా రెండు పక్కలా కత్తెర పెట్టి కత్తిరించాడు.

అంతే, ఊలంతా పోగులు పోగులుగా ఒళ్ళో రాలిపోయింది. బంతి లేదు, గింతి లేదు!

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నడుమ దారం కట్టకుండానే కోసేశారేంటి బాబూ!"

"క్షమించండి అయ్యగారూ, ఊలు పాడుచేశాను."

"పాతదేగా, పోనీ."

అయ్యగారు ఇంకో అట్టకి కాస్తే ఊలు చుట్టారు. జార్చి, నడుమ దారం బిగించి కట్టి, అప్పుడు కోశారు. అరచేతుల్లో రెండుసార్లు దొర్లించి ఏలీషా చేతిలో పెట్టారు. చిన్నదే, కానీ గుండ్రంగా ఉంది.

"ఊలు నీదే ఎక్కువరా," అన్నారు.

ఏలీషా మరింత తికమకపడ్డాడు. "నేనడిగింది వాక్యం గురించండి."

"విన్నాను," అని ఆయన మళ్ళీ పనిలో పడ్డారు.

చేసేది లేక ఏలీషా కూడా మళ్ళీ చుట్టాడు. ఈసారి దారం కట్టాడు.

"ఇంకా బిగించండి బాబూ. వదులైతే రాలిపోద్ది," అంది మార్తమ్మ.

లాగుతున్నవాడల్లా ఆగిపోయాడు. దారాన్ని చూశాడు. బంతి పక్కన పెట్టి, జేబులోంచి వాక్యం కాగితాలు తీశాడు. ఆదామున్న కాగితం పక్కన పెట్టాడు. ఓడ పోయింది. ఒంటెల దగ్గర మనసొప్పక కాసేపు పట్టుకు కూర్చున్నాడు, చివరికి అవీ పోయాయి.

"అన్నీ తీసేస్తే రేపేం చెప్తారు?" మార్తమ్మకి కంగారు పుట్టింది.

"సత్రంలో చోటు దొరక్క పశువుల పాకలో బాబుని కన్న తల్లి గురించి."

మార్తమ్మ ఊలు విప్పడం ఆపింది. తర్వాత మెల్లగా అడిగింది, "నొప్పులొచ్చేసరికి ఆవిడ దగ్గర ఆడతోడు ఎవరైనా ఉన్నారా బాబూ?"

ఏలీషా మిగిలిన కాగితాలు తిరగేశాడు. ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు. ఆవిడ ఇంకా అతని మొహంలోకే చూస్తోంది.

అయ్యగారు కత్తెర కింద పెట్టారు.

"రేపు అక్కణ్నుంచి మొదలుపెట్టరా."