కుందమ్మ రాసిన ‘అనుకుందాం’

అనగనగా ఒక రాజ్యం. దాని పేరు ఆలకొండ. మీరు వినీ వినీ విసిగిపోయిన రాజ్యాల్లాంటిదే అదీనూ. విరూపరాజనే రాజున్నాడు, కోట ఉంది, కోట నిండా పండితులున్నారు. ఈ కథ చెప్పీ చెప్పీ నేనూ అలసిపోయాను పిల్లలూ. అయినా చెబుతాను. ఇది ఒకసారి జరిగి ఊరుకునే కథ కాదు మరి.

ఆలకొండలో మనుషులకన్నా పశువులు ఎక్కువ. అందుకని విరూపరాజు తాతగారు కోట పక్కన ఒక ఇల్లు కట్టించి, దానికి జీవగణిత భాండారమని పేరు పెట్టాడు. ప్రాణమున్నవాటి గురించి లెక్క కట్టినవాళ్లెవరైనా ఆ లెక్కను తాటాకుల మీద రాసి అక్కడికి తేవచ్చు. చెరువులో చేపలు ఏడాదికెన్ని పెరుగుతాయి, మిడతల దండు ఎన్నాళ్లకు ఏ పొలం చేరుతుంది, ఒక జత పావురాలు పదేళ్లకు ఎన్ని జతలవుతాయి, ఇలాంటివన్నమాట. మంచివని తేలిన రాతల్ని ఏడాదికి నాలుగుసార్లు ఒక సంపుటిగా కట్టేవారు. సంపుటిలో ఉన్నదాన్ని రాజు నమ్మేవాడు. లేనిదాన్ని నమ్మేవాడు కాదు.

మంచిదని తేల్చేదెవరు? ముగ్గురు పండితులు. వాళ్లు తెర వెనుక కూర్చునేవారు. రాసిందెవరో వాళ్లకు తెలియకూడదు. చదివిందెవరో రాసినవాళ్లకు తెలియకూడదు. చదివాక ఒక్కొక్కరూ ఒక్కో దారం కట్టి పంపేవారు. తెల్లదారమైతే ఒప్పుకున్నట్టు. ఎర్రదారమైతే దిద్దుకుని రమ్మన్నట్టు. నల్లదారమైతే ఇక రావద్దన్నట్టు. మూడు దారాలూ తెల్లవైతేనే సంపుటిలో చోటు.

భాండారానికి పెద్ద అనంతభట్టు. ముప్ఫై ఏళ్లుగా ఆ గుమ్మం దగ్గరే కూర్చుని వచ్చినవాళ్ల రాతలు అందుకుని, తెర వెనక్కి పంపి, తిరిగొచ్చినవి చేతికిచ్చేవాడు. మంచివాడే. కానీ తాటాకు వాసనకే తలనొప్పి వచ్చేంతగా అలసిపోయాడు. ఎవరైనా కొత్తగా వస్తే, “వచ్చావా నాయనా? ఆ కుప్ప మీద పెట్టు” అనేవాడు. ఆ కుప్ప ఎప్పుడూ తగ్గింది లేదు.

ఒక కార్తిక మాసంలో ఆ గుమ్మానికి కుందమ్మ అనే ఆవిడ వచ్చింది. ఏటి అవతల గొల్లపల్లె ఆమెది. పదకొండు ఆవులు, నాలుగు దూడలు ఆమె ఆస్తి. తండ్రి పశువుల వైద్యుడు కావడంతో చిన్నప్పుడే అక్షరాలు, లెక్కలు వంటబట్టాయి. ఆ ఏడు వానలప్పుడు పొరుగు పల్లెలో పశువులకు గాలికుంటు వచ్చింది. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, మేత ముట్టవు. పెద్దవి ఎలాగో తేరుకుంటాయి. దూడలు తేరుకోవు.

అందరూ గ్రామదేవతకు మొక్కుకుంటుంటే కుందమ్మ మొక్కుకుంది, లెక్కా పెట్టుకుంది. ఏ ఆవు ఏ తొట్టిలో నీళ్లు తాగింది, దాని పక్కన మూతి పెట్టిన ఏ ఆవు ఎన్నాళ్లకు పడింది, అన్నీ గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. చివరికి ఆ గీతల్లోంచి ఒక లెక్క తేలింది.

“అయ్యవారూ, ఒక జబ్బు ఆవు మూడింటికి అంటిస్తోంది” అంది అనంతభట్టుతో. “ఆ మూడూ తొమ్మిదింటికి, ఆ తొమ్మిదీ ఇరవయ్యేడింటికి. మాఘంలో పశువుల సంత ఉంది కదా. రాజ్యంలో పశువులన్నీ ఒక్క చోట, ఒక్క తొట్ల వరసలో మూతులు పెడతాయి. సంత జరిగిందా, ఉగాదికి దూడన్నది మిగలదు. అదే జబ్బు పశువుల్ని విడిగా కట్టేసి, సంత ఒక్క ఏడు ఆపితే, పది జబ్బు పశువులు కలిసి ఏడింటికే అంటిస్తాయి. ఆ ఏడూ అయిదింటికి, ఆ అయిదూ మూడింటికి. రోగమే ఆకలితో చస్తుంది.”

అనంతభట్టు చాలాకాలానికి తలెత్తి ఒక మనిషి ముఖం చూశాడు. ఆకులు అందుకుని మొదటి ఆకు చదివాడు. అందులో ఇలా ఉంది:

“జబ్బు ఆవు ఒక్కొక్కటీ మూడింటికి అంటిస్తుందని అనుకుందాం. ఒకసారి వచ్చి తగ్గిన పశువుకు ఆ ఏడు మళ్లీ రాదని అనుకుందాం. రోగం మూతి నుంచి మూతికే పోతుందని, గాలి దాన్ని మోయదని అనుకుందాం.”

“మూడుసార్లు అనుకున్నావు తల్లీ” అన్నాడు అనంతభట్టు, నిట్టూర్చి. “చూద్దాం, తెర వెనక ఏమంటారో.”

పదిహేను రోజులకు మూడు ఎర్రదారాలతో ఆకులు తిరిగొచ్చాయి. మొదటి పండితుడు, “ఇందులో తెలుసుకున్నది తక్కువ, అనుకున్నది ఎక్కువ. శాస్త్రం అనుకోదు, నిశ్చయిస్తుంది” అని రాశాడు. రెండో పండితుడు, “లెక్క మరీ సులువుగా ఉంది. ఇంత సులువైనది నిజమెలా అవుతుంది? ఒక్క వర్గమూలమైనా ఉండాలి” అన్నాడు. మూడో పండితుడు, “పన్నెండేళ్ల కిందట ఒక మహానుభావుడు చేపల సంతతి మీద అద్భుతమైన గ్రంథం రాశాడు. ఈ రాతలో ఆయన ఊసే లేదు” అన్నాడు. ఆ మహానుభావుడు తెర వెనక ఏ పీట మీద కూర్చున్నాడో మీకు తెలిసే ఉంటుంది. తెలియనట్టు ఉండడమే ఆ ఇంటి మర్యాద.

కుందమ్మ రెండు రోజులు నడిచి పల్లెకు పోయి, రెండో లెక్కలో ఎలాగో ఒక వర్గమూలం ఇరికించింది. ఆవుల మధ్యకు ఆ చేపల్ని కూడా తోలింది. ‘అనుకుందాం’ మాత్రం ముట్టుకోలేదు. మార్గశిరంలో మళ్లీ రెండు రోజులు నడిచి వచ్చింది.

మళ్లీ మూడు ఎర్రదారాలు. “ఇంకా అనుకుంటూనే ఉన్నారు” అన్నాడు మొదటాయన. “ఈ వర్గమూలం ఎందుకు? అనవసరపు ఆడంబరం” అన్నాడు రెండో ఆయన. “చేపల గ్రంథాన్ని ఒక్కచోటే తలిచారు” అన్నాడు మూడో ఆయన.

నవ్వొస్తోందా? కుందమ్మకు రాలేదు. సంతకు రెండు నెలలే ఉంది.

ఆ రోజుల్లోనే ఆస్థాన పండితుడు సింగరార్యుడు కూడా ఒక రాత పంపాడు. “రోగం పేరులోనే గాలి ఉన్నది. కావున ఇది గాలితో వచ్చును, గాలితోనే పోవును. మాఘమున గాలి మళ్లును. కావున సంతనాటికి రోగముండదు. ఇది నిశ్చయము, నిశ్చయము, ముమ్మాటికి నిశ్చయము” అని ముగించాడు. మధ్యలో వర్గమూలాలు ఏడు, చేపల గ్రంథం ప్రస్తావన పదకొండుసార్లు. పేరు లేదు గానీ, ఆ గుండ్రటి దస్తూరి ఎవరిదో కోటలో పిల్లికి కూడా తెలుసు. తెర మనిషిని దాస్తుంది గానీ దస్తూరిని దాస్తుందా?

మూడు తెల్లదారాలూ మర్నాటికే వచ్చాయి. ఆ రాత సంపుటికెక్కింది. రాజు చదివించుకుని విని, సంతకు చాటింపు వేయించాడు.

పుష్యంలో కుందమ్మ మూడోసారి వచ్చింది. కాళ్లు పగిలి ఉన్నాయి. ఈసారి ఆకుల్ని తెర వెనక్కి పంపకుండా అనంతభట్టు ఆమెను పక్కన కూర్చోబెట్టాడు.

“తల్లీ, ముసలివాణ్ణి చెబుతున్నాను విను. ఆ ఒక్క మాట తీసెయ్యి. ‘అనుకుందాం’ ఉన్నచోటల్లా ‘నిశ్చయం’ అని రాయి. కాళ్లావేళ్లా పడైనా మూడు తెల్లదారాలూ నేను తెప్పిస్తాను. సంత ఆగుతుంది, నీ దూడలు బతుకుతాయి.”

దూడల మాట ఎత్తేసరికి కుందమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక చేత్తో గంటం అందుకుంది కూడా. మళ్లీ కింద పెట్టేసింది.

“అది నా వల్ల కాదు అయ్యవారూ. నాకు తెలియనిది తెలుసని ఎట్లా రాసేది? గాలి మొయ్యదని అనుకున్నాను. రేపు గాలి కూడా మోస్తుందని తేలిందనుకోండి. ఎక్కడ దిద్దుకోవాలో ఆ మాటే కదా చెప్పేది? అది తీసేస్తే గొడ్లను కాసేవాళ్లు తప్పెక్కడుందో వెతుక్కోలేరు. అప్పుడింకా ఎక్కువ చస్తాయి.”

“అయితే ఆ కుప్ప మీద పెట్టమ్మా” అన్నాడు అనంతభట్టు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కుందమ్మ పల్లెకు తిరిగొచ్చి, పశువుల్ని సంతకు తోలొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది. “రాజుగారి సంపుటిలో లేని మాట నిజమెట్లా అవుతుంది కుందమ్మా?” అన్నారు. ఆమె ఒక్కతే తన మందను కట్టేసుకుంది.

సంత మహా వైభవంగా జరిగింది. గాలి మళ్లింది. రోగం మళ్లలేదు. ఎనిమిదో రోజుకు కోట దగ్గరి దొడ్లలో పశువులు మేత మానేశాయి. పదహారో రోజుకు ఊరూరా అదే మాట. ఇరుగుపొరుగు మందలు రోగాన్ని వెంటబెట్టుకుని పల్లెకు తిరిగొచ్చాయి. కుందమ్మ కట్టేసుకున్నది తన ఆవుల్ని గానీ, ఊరిని కాదు కదా.

విరూపరాజు సింగరార్యుణ్ణి పిలిపించాడు. “నీ లెక్క ఎక్కడ తప్పింది?”

“తప్పలేదు ప్రభూ! నా లెక్క నిశ్చయం. గాలే తప్పింది.”

“సరే, ఇప్పుడేం చేయాలో చెప్పు.”

సింగరార్యుడు తన ఆకులన్నీ తిరగేశాడు. ఎక్కడ వేలు పెట్టి దిద్దాలో తెలియలేదు. అంతా నిశ్చయమే అయినచోట తప్పును ఎక్కడని వెతుకుతాడు? తలవంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు అనంతభట్టు కుప్పలోంచి కుందమ్మ ఆకులు తీసి, వాటికి ఒక్క దారమైనా లేకుండానే రాజు ముందు పెట్టాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన కట్టడి తప్పింది అదొక్కసారే. రాజు వెంటనే కుందమ్మకు బండి పంపించాడు.

“అమ్మా, నీ లెక్క తప్పదా?” అని అడిగాడు ఆమె రాగానే.

“తప్పవచ్చు ప్రభూ. మూడు చోట్ల తప్పవచ్చు. ఆ మూడూ మొదటి ఆకులోనే ఉన్నాయి.”

సభలో కొందరు నవ్వారు. రాజు నవ్వలేదు. ‘తప్పవచ్చు’ అన్న మాట ఆ సభలో ఆయన వినడం అదే మొదలు.

ఆమె చెప్పినట్టే జబ్బు పశువుల్ని ఊరి చివర విడిగా కట్టారు. తొట్లు వేరు చేశారు. చాలా ఊళ్లలో రోగం తగ్గింది. కొన్నిచోట్ల మాత్రం తగ్గలేదు. ఏం చేయాలని కాపరులు కబురు పెడితే కుందమ్మ మొదటి ఆకు తీసింది. ఒక ఆవు మూడింటికి, అది సరిగ్గానే ఉంది. తగ్గినవాటికి మళ్లీ రాలేదు, అదీ సరే. ఇక మిగిలింది గాలి. వెళ్లి చూస్తే ఆ ఊళ్లలో జబ్బు పశువుల్ని గాలి వచ్చే దిక్కున కట్టారు. అక్కణ్ణించి వీచిన గాలి నేరుగా మందల మీదికే పోతోంది.

“నేననుకున్నది తప్పు” అంది కుందమ్మ. “గాలి కూడా కాస్త మోస్తుంది. వాటిని ఎదురు దిక్కుకు మార్చండి.”

మార్చారు. పది ఏడయ్యాయి, ఏడు అయిదయ్యాయి, అయిదు మూడయ్యాయి. ఉగాది నాటికి రోగం లేదు. అయితే ఆలకొండ దూడల్లో సగం కూడా మిగల్లేదు.

మూడు తెల్లదారాలు అప్పుడొచ్చాయి. ఇకమీదట ఏ రాతైనా ‘అనుకుందాం’తోనే మొదలవ్వాలని రాజు శాసనం చేశాడు. అనంతభట్టు కొత్త సంపుటి చంకన పెట్టుకుని, ఆ వయసులో రెండు రోజులు నడిచి, తానే గొల్లపల్లెకు తెచ్చాడు.

కుందమ్మ కొట్టంలో కూర్చుని ఉంది. నాలుగు గుంజలున్నాయి. ఒక్క గుంజకే దూడ ఉంది.

ఆమె సంపుటి కళ్లకద్దుకుంది. తన రాతకు కట్టిన మూడు తెల్లదారాలూ నెమ్మదిగా విప్పి, ఖాళీగా ఉన్న మూడు గుంజలకూ ఒక్కొక్కటి కట్టింది.

“మూడుసార్లు నడిచాను. మూడు దూడలు పోయాయి. మూడు దారాలు వచ్చాయి” అంది. “ఈ లెక్కలో మాత్రం అనుకున్నదేమీ లేదు అయ్యవారూ.”

అనంతభట్టు మిగిలిన ఆ ఒక్క దూడ దగ్గరికి వెళ్లి దాని గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, తప్పవచ్చని ముందే చెప్పినవాడి లెక్కను దిద్దుకుని బతకవచ్చు. తప్పనే తప్పదన్నవాడి లెక్కను నమ్మితే, తప్పిన రోజున దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.