పసుపు చేపకి తోడు

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో కోటిలింగం అని ఒక కోపిష్టి మావగారు. దుప్పటి కప్పుకో బుజ్జమ్మా, ఇది తీపి కథ కాదు.

ఆయనకి నలుగురు కొడుకులు, ఒక కూతురు. ఇల్లాలు ఏనాడో పోయింది. హాల్లో ఇంత పొడుగు అక్వేరియం. అందులో సిక్లిడ్లని రంగురంగుల చేపలు. చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి గానీ ఒకదాన్నొకటి పొడుచుకు తినే రకం. వాటిలో నీలం మగచేప మరీ రౌడీ.

ఇంటినిండా జనం ఉన్నన్నాళ్ళూ ఆయన కోపం అందరికీ తలాకాస్త పడేది. టిఫిన్ ఆలస్యమైందని పెద్దకోడలి మీద ఎగిరేవాడు. అంతలో తువ్వాలు కనబడక రెండో కోడలి మీదకి మళ్ళేవాడు. ఆ తర్వాత టీవీ మోగుతోందని కూతురి మీద. మూడో కోడలు సుభాషిణి వంతు వచ్చేసరికి గొంతు రాసుకుపోయి ఊరుకునేవాడు.

అక్వేరియంలోనూ అంతే. నీలంది ఒకదాని వెంట పడేది. మధ్యలో ఇంకోటి అడ్డొస్తే మొదటిదాన్ని మరిచిపోయి దీన్ని తరిమేది. దేనికీ పెద్ద దెబ్బ తగిలేది కాదు.

అప్పుడు పెద్దకొడుక్కి బదిలీ అయింది. ఆ తర్వాత రెండోవాళ్ళు వేరు కాపురం పెట్టారు. ఆ తర్వాత కూతురికి పెళ్ళయింది. "ఇంతింట్లో నువ్వే మహారాణివి" అంది పక్కింటావిడ. సుభాషిణి కూడా నిజమే అనుకుంది, పిచ్చిది.

తిట్లన్నీ ఇక ఆమె ఒక్కదానికే. టిఫినుకీ ఆమే, తువ్వాలుకీ ఆమే. మొగుడు మురళితో చెప్పుకుంటే, "నాన్న సంగతి తెలిసిందేగా, సర్దుకుపో" అనేవాడు. ఆ సర్దుకుపో అన్న మాట వింటే నాకు ఒళ్ళు మంట.

అదే రోజుల్లో మావగారు, చేపలు ఇరుగ్గా ఉన్నాయని జాలిపడి అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడు. కోడలి మీద లేని జాలి చేపల మీద పుట్టుకొచ్చింది చూడు! చివరికి నీలంది, ఒక పసుపు చేప మిగిలాయి. ఇక నీలందానికి తరమడానికి ఇదొక్కటే. పసుపుదాని తోక పీలికలైంది. మేతకి కూడా రాకుండా మోటారు గొట్టం వెనక నక్కింది. దాన్ని చూసి సుభాషిణికి ఏడుపొచ్చింది.

మొదట అక్వేరియంలో రాళ్ళు అటూ ఇటూ మార్చింది. తన చోటేదో తెలియక నీలంది తికమకపడింది గానీ, నాలుగు రోజులకి మళ్ళీ మొదలు. ఆ తర్వాత మేత ఎక్కువ వేసింది. తిని బలిసి ఇంకా తరిమింది. అప్పుడు పసుపుదాన్ని బకెట్లోకి తీసింది. "నా చేపని తియ్యడానికి నువ్వెవత్తివే!" అని మావగారు ఇల్లెగిరిపోయేలా అరిచి, దాన్ని మళ్ళీ అక్వేరియంలోనే వదిలించాడు.

అప్పుడామెకి తట్టింది, నిండుగా ఉన్నప్పుడు ఇంత గొడవ లేదని. మురళిని పోరి బోలెడు చిన్నచేపలు తెప్పించి వదిలింది. కొడుకు తెచ్చినవని మావగారు ఒప్పుకున్నాడు. నీలంది వాటి మీదకి మళ్ళింది. సాయంత్రానికి పసుపుది బయటికొచ్చి మేత తింది. కొత్తవాటిలో ఒకటి మాత్రం రెక్క చిరిగి అడుక్కి వాలిపోయింది. సుభాషిణి రెండూ చూసింది. రెండూ చూసింది బుజ్జమ్మా.

ఆ తర్వాత ఆఖరివాడికి, అదే సుభాషిణి మరిదికి, సంబంధం వచ్చింది. ఇల్లు చూడ్డానికి పెళ్ళికూతురి తల్లి వచ్చింది. వంటింట్లోకి వచ్చి సుభాషిణి చెయ్యి పట్టుకుంది.

"మా హైమని ఎవరూ ఒక మాటన్నది లేదమ్మా. మీ మావగారు మంచివారేనా? నువ్వూ ఒకింటి ఆడపిల్లవే, నిజం చెప్పు."

నిజం నోటిదాకా వచ్చింది. హాల్లోంచి మావగారి దగ్గు వినబడింది.

"ఆయన మనసు వెన్న, పిన్నిగారూ. కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యండి" అంది సుభాషిణి.

పెళ్ళయింది. హైమ కాపురానికొచ్చిన మర్నాడు పొద్దున్నే హాల్లో కేకలు మొదలయ్యాయి. ఈసారి పిలిచింది సుభాషిణి పేరు కాదు. ఆ పిల్ల బిత్తరపోయి వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అక్కా" అంది.

సుభాషిణి వెనక్కి తిరగలేదు. కంచంలో ఇంకో ఇడ్లీ వేసుకుంది.

తప్పు కదా అంటావా? తప్పే తల్లీ. కాదని నేనన్నానా?

కథ వెళ్ళె కంచికి,
కోపం వెళ్ళె కొత్తకోడలికి,
కునుకా రావే నా బుజ్జి కంటికి.