ఓదెమ్మవ్వ తుడిచిన చెవులు

మీ తాత పుట్టలే, ఆ తాతకు తాత గూడ పుట్టలే, అప్పటి ముచ్చట ఇది. ఊఁ కొడితేనే చెప్త, లేకుంటే నేను పండుకుంట.

వాగు పక్కన గొర్లు కాసే కురుమల మంద ఒకటి ఉండె. ఆ మందల ఓదెమ్మ అని ఒక అవ్వ ఉండె. మొగడు లేడు, పిల్లలు లేరు, నాదని చెప్పుకునే గొర్రె గూడ లేదు. మంద కుక్కలకు జొన్న గట్క కాసి పోసుడే ఆమె పని. ఆ కుక్కలల్ల జూలుగాడంటే ఆమెకు పానం. వాడు ఇంతింత చెవులు వేలాడేసుకొని ఆమె ఎనకెనకే తిరిగెటోడు.

ఒకసారి జూలుగాని చెవులల్ల చీము పట్టింది. తల ఇదిలిచ్చుడు, గోకుడు, ఒకటే కంపు. మంద పెద్ద ఐలయ్య పసరు పిండిండు. తగ్గింది. "థూ, కంపు పోలే" అని వాగుల ముంచి రుద్ది రుద్ది కడిగిండ్రు. మళ్ళ చీము. మళ్ళ పసరు, మళ్ళ వాగు, మళ్ళ చీము. మూడోసారి గూడ అంతే.

ఆ మూడోసారే తోడేలొచ్చి గొర్రెపిల్లను ఎత్తుకపోయింది. జూలుగానికి వినపడనే లేదు.

"చెవిటి కుక్క మందకెందుకు? గుట్ట అవతల ఇడిసిపెట్టి రాండ్రి" అన్నడు ఐలయ్య.

ఓదెమ్మ అడ్డం నిలబడ్డది. "ఐలయ్యా, ఒక్క వానకాలం నా చేతికియ్యి బిడ్డా. మళ్ళ చీము పడితే దానెంట నేను గూడ గుట్ట దాటిపోత."

"సరే అవ్వా. మాట మీద ఉండాలె మరి" అన్నడు.

పసరు ఆమె గూడ అదే పిండింది. కానీ ఊకోలే, కనిపెట్టుకుంట తిరిగింది. నిక్కచెవుల కుక్కలకు వాగు దాటంగనే చెవులు గాలికి ఆరుతున్నయి. జూలుగాని చెవెత్తి చూస్తే లోపల పొద్దంత తడే! "అయ్యో, మందూ మనమే పెడ్తిమి, నీళ్ళూ మనమే పోస్తిమి గదరా!" అని నెత్తి కొట్టుకున్నది.

ఇగ కడుగుడు బంద్. వాగు దాటినప్పుడల్లా ఒడ్డు మీద జూలుగాన్ని పట్టుకునేది. చెవెత్తేది, కొంగుతోని తుడిచేది, గాలి తాకిచ్చేది. అందరు నవ్విండ్రు. "అవ్వా, నా చెవులు గూడ తుడువరాదూ!" అన్నడొకడు. "నీవెందుకురా, చెప్పింది వినని చెవులు!" అన్నది. నాకు ఆ ముసలామె మీద ఎంత ఇష్టమో చెప్పలేను.

వానకాలమంత చెవెత్తింది, తుడిచింది, గాలి తాకిచ్చింది. చీము రాలే. ఒకనాడు పొద్దుగాల మంచుల తోడేళ్ళొస్తే అందరికన్న ముందు విన్నది జూలుగాడే. ఒక్క గొర్రె గూడ పోలే. "గెలిచినవే అవ్వా" అన్నడు ఐలయ్య.

కొన్నేండ్లకు ఓదెమ్మ జరమొచ్చి పోయింది. మన్ను చేసి, మందను తోలుకొని వాగు దాటిండ్రు. జూలుగాడు నీళ్ళు కారుకుంట ఒడ్డు మీదనే నిలబడ్డడు. పిలిస్తే రాడు, గుంజితే కదలడు. అవ్వ కోసం చూస్తుండు పాపం!

ఊరి దొర ముంగట గూడ రుమాలు తియ్యనోడు ఐలయ్య. గసోంటోడు నెత్తి మీది రుమాలు ఇప్పి, మోకాళ్ళ మీద కూసున్నడు. చెవెత్తిండు, తుడిచిండు, గాలి తాకిచ్చిండు. ఎక్కెక్కి ఏడ్చిండు.

ఇయ్యాల్టికి గూడ ఆ రేవుల మంద దాటితే, ఎంత పెద్దోడైనా ముందు కుక్క చెవులే తుడుస్తడు. "ఓదెమ్మవ్వా, ఆరినయి" అంటడు. అప్పుడే తన నెత్తి తుడుసుకుంటడు.