ఐలయ్య చూసిన మొకాలు

ఊ కొడుతుండుండ్రి. ఊ కొట్టుడు ఆగితే నా కథ గూడ ఆగుతది, మల్ల నన్ను అనొద్దు.

అనగనగా, మీ తాతల తాతలు పుట్టకముందు, వాగొడ్డున ఒక ఊరుండె. ఆ ఊర్ల బొమ్మల ఐలయ్య ఉండె. కథలు చెప్పేటోళ్లకు పటాలు గీసుడు ఆయన పని. పటమంటే ఏందనుకున్నరు? చింతగింజల అంబలి, సుద్ద పూసి ఆరబెట్టిన పొడుగు గుడ్డ. కథంత దాని మీద బొమ్మలై ఉంటది. కథ చెప్పేటోడు కొంచెం కొంచెం ఇప్పుకుంట చెప్తడు. బొమ్మలకు కండ్లు మాత్రం ఆఖరుకు పెడ్తరు. కండ్లు పెట్టినంకనే పటానికి పానం వచ్చినట్టు.

ఐలయ్య చెయ్యి మంచిదే. గాని మనిషి మొండి. కండ్లార చూసిన మొకమే గీస్తడు, చూడనిది గీయడు.

మొదటి పటం గీసిండు. కథల కొమురయ్య వచ్చి చూసిండు.

"ఏందిరా ఇది? అమ్మవారి మొకం మన కూరగాయల రాజవ్వ లెక్కున్నది!"

"చూడని మొకం ఎట్ల గీయాలె కొమురన్నా?"

కొమురయ్య ఛీ కొట్టి పోయిండు. ఆ పటాన్ని ఉరిసే ఇంటి కప్పు మీద కప్పుకున్నరు.

రెండో పటం గీసిండు.

"అరె, దేవేంద్రుని బుగ్గల మీద అమ్మవారు పోసిన మచ్చలేందిరా?"

"చూడని మొకం ఎట్ల గీయాలె కొమురన్నా?"

మల్ల ఛీ కొట్టిండు. ఆ పటం పక్కగుడ్డ అయింది. ఇంట్ల పొయ్యిల పిల్లి లేస్తలేదు. ఆయన భార్య సాయవ్వ రంగులు నూరి నూరి యాష్టకొచ్చింది.

"అందరు గీసినట్టు గీయరాదయ్యా! సక్కటి మొకాలు పెడ్తే నీ సొమ్మేం పోతది?"

"చూడని మొకం ఎట్ల గీయాలెనే?"

ఇగ ఈయనతోని ఎవడు ఏగాలె చెప్పుండ్రి!

అంతల్నే ఊరి మీద గత్తర రోగం పడ్డది. పొద్దున మాట్లాడినోడు మాపటికి లేడు. ఐలయ్య మూడో పటం ముందట కూసున్నడు. తినుమంటే తినడు, లేవుమంటే లేవడు, గీసుడే గీసుడు. కొమురయ్య వాకిట్ల నిలవడి, "నీ పటం నాకొద్దు, చూడను గూడ చూడ" అని చెప్పి పోయిండు. బొమ్మలకు కండ్లు పెట్టకముందే ఐలయ్యను గూడ గత్తర తీస్కపోయింది. పాపం, బతికినన్ని దినాలు ఒక్కరన్న మంచిగ గీసినవని అనలేదు బిడ్డా.

కండ్లు తెరవని పటం ఇంట్ల ఉంచొద్దని వాళ్ల ఆచారం. వాగుల కలపాలె. కలిపేముందు ఒక్కపారి ఒడ్డున మొత్తం పరవాలె. సాయవ్వ ఏడ్చుకుంట పటం మోసుకపోయింది. ఆచారం చెప్పనీకి కొమురయ్య వచ్చిండు. ఇద్దరు పటం పరిచిన్రు.

ఆడ్నే ఆ ఊరి కనకవ్వ బట్టలు ఉతుకుతున్నది. తలెత్తి చూసి చేతుల బట్ట ఇడిచిపెట్టి ఉరికొచ్చింది.

"ఆగుండ్రి! గది నా పోశి!"

పోశి ఆమె బిడ్డ. గత్తరల పోయింది. పటంల రాణి పక్కన చెలికత్తె అయి నిలవడ్డది. అదే పక్కజడ, గదుమ మీద అదే సొట్ట. "ఈడున్నవా బిడ్డా!" అని కనకవ్వ ఏడ్చింది, ఏడ్చుకుంటనే నవ్వింది.

ఇగ చూడు, ఊరు ఊరంత ఉరికింది. ఒకామెకు పెనిమిటి దొరికిండు. ఒకాయనకు తమ్ముడు దొరికిండు. కొమురయ్య సింహాసనం మీది రాజును చూసిండు. ముందటి పండ్లు లేవు, చెవులు చాటలంత. "నాయినా!" అని కూలబడ్డడు. గత్తరల పోయిన వాళ్ల నాయినే రాజు!

"సాయవ్వా, నీ కాళ్లు మొక్కుత. వాగుల వెయ్యకు."

"కండ్లు పెట్టేటోడు లేడు గదా అన్నా?"

"కుంచె ఇటియ్యి," అన్నది కనకవ్వ. "నా పోశికి నేనే పెడ్త."

ఎవరి మొకానికి వాళ్ల ఇంటోళ్లే కండ్లు పెట్టిన్రు. అలవాటు లేని చేతులాయె, ఒకని కన్ను నొసటికి ఎక్కింది. ఎక్కితే ఎక్కనీ, పానమైతే వచ్చింది!

సాయవ్వ ఈ కొసకెల్లి ఆ కొసదాక ఎతికింది. అందరున్నరు, ఐలయ్య లేడు.

"అందర్ని చూసినవు. నిన్ను నువ్వు చూస్కోలేదు గదయ్యా!"

"ఆయన మొకం చూసినదానివి నువ్వున్నవు గదనే," అన్నది కనకవ్వ. "నువ్వే గియ్యి."

జల్మల కుంచె పట్టని సాయవ్వ పటం మూలకు ఒక బక్కమనిషిని గీసింది, చేతుల కుంచె పెట్టింది. చూసినోళ్లందరు "ఐలయ్యే!" అన్నరు.

ఛీ కొట్టిన కొమురయ్యనే ఆ పటం నెత్తి మీద పెట్టుకొని, డప్పు కొట్టించుకుంట ఊరూరు తిరిగిండు. ఏ ఊరికి పోతే ఆ ఊర్ల జాతర. బండ్లు కట్టుకొని వచ్చిన్రు జనం. పేరున్న బొమ్మలోళ్లు గూడ వచ్చి, ఐలయ్య చేతికి మొక్కుతున్నమని పటానికి మొక్కిన్రు.

ఇప్పటికీ ఆ బొమ్మలోళ్ల ఇండ్లల్ల పటం గీస్తే కింద మూలకు చోటు ఇడిచిపెడ్తరు. ఆడ కుంచె పట్టిన మనిషిని ఇంటి ఆడిదే గీయాలె. కండ్లు మొదలు ఆయనకే పెట్టాలె.

ఇగ ఆ దిక్కు ఎవరింట్లనన్న మనిషి పోతే, ముసలవ్వలు ఏడ్చేటోళ్లను దగ్గరికి తీస్కొని ఒక్కటే మాటంటరు:

"ఊకో బిడ్డా, ఊకో. ఆ మొకం ఐలయ్య చూసే ఉంటడు."